వెండాకు అచ్చు

అనగనగా ఒక అడవిలో, ఎప్పుడూ తేమ ఆరని వాగు గట్టు మీద, కాటుకమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. మనసు మంచిదే కానీ, తేనె మాటెత్తితే చాలు, దానికి ఒళ్ళు తెలిసేది కాదు.

గట్టు నిండా పూలమొక్కలే ఉంటే తేనెటీగలు బోలెడు వస్తాయని దానికి ఒకరోజు తట్టింది. కానీ అక్కడ ఫెర్న్ మొక్కలు గుబురుగా పెరిగి ఉన్నాయి. ఆకు అడుగున తెల్లటి పొడి ఉండటంతో ఎలుగులు వాటిని వెండాకు అనేవి.

"నీకు పువ్వుందా?" అని అడిగింది కాటుకమ్మ.

"లేదమ్మా," అంది వెండాకు.

"పోనీ, కాయ?"

"లేదు."

"గింజైనా?"

"అదీ లేదు. కానీ నా ఆకు వెనక..."

"ఇంకేం చెబుతావులే!" అంటూ కాటుకమ్మ వాటన్నిటినీ వేళ్ళతో సహా పీకేసింది.

తొలకరి పడింది. కాటుకమ్మ పిల్ల బుడిగి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! చిన్నప్పుడు అమ్మమ్మ నీ వీపు మీద తెల్లాకు అచ్చు వేసేదట కదా! ముళ్ళపంది తాత చెప్పాడు. నాకూ వెయ్యవూ?"

కాటుకమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. అయ్యో, ఎలా మరిచిపోయింది! తొలకరి రోజున వాళ్ళమ్మ వెండాకు తెచ్చి, నల్లటి వీపు మీద పెట్టి, అరచేత్తో మెల్లగా అద్దేది. ఆకు తీస్తే, ఈనెలతో సహా తెల్లటి ఆకు! చెరిగిపోతుందని కాటుకమ్మ ఆ రాత్రంతా బోర్లానే పడుకునేది. ఇప్పుడు అమ్మా లేదు, ఆకూ లేదు.

గట్టంతా వెతికింది. లోయంతా వెతికింది. చివరికి ఒక రాతి నెర్రెలో ఒకే ఒక్క మొక్క దొరికింది. దానికి ఒకే ఒక్క ఆకు.

"తెంపమ్మా, తెంపు!" అని బుడిగి గంతులేసింది.

కాటుకమ్మ ఆకు తిప్పి చూసింది. తెల్లపొడి నడుమ గోధుమరంగు దుమ్ము కనిపించింది.

"ఆ రోజు మావాళ్ళు చెప్పబోయింది ఇదే," అంది మొక్క సన్నటి గొంతుతో. "మా ఫెర్న్ జాతికి పూలుండవు. ఈ దుమ్ములోంచే మా పిల్లలు పుడతాయి. ఈ ఆకు పోతే ఇక్కడ మేం ఉండం."

కాటుకమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. బుడిగి ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఏడవకురా తల్లీ. ఆకు నీ దగ్గరికి రాకపోతేనేం, నువ్వే ఆకు దగ్గరికి రా."

పిల్లను రాతికి ఆనించి కూర్చోబెట్టింది. ఆకు తెంపకుండానే దాని వీపుకు అద్దింది, అచ్చం వాళ్ళమ్మలాగే, మెల్లగా.

చెరిగిపోతుందని ఎంత చెప్పినా బుడిగి వింటేనా! ఆ సంబరంలో గట్టంతా దొర్లింది. మరుసటి తొలకరికి, అది దొర్లిన చోటల్లా చిట్టి వెండాకులు తలెత్తాయి. వాటి పక్కన కూర్చుని, కాటుకమ్మ వాళ్ళమ్మను తలుచుకుని తనివితీరా ఏడ్చింది.

నీతి: పైకి ఉపయోగం కనిపించనంత మాత్రాన దేన్నీ పనికిరానిదని పీకి పారేయకూడదు. ఒకసారి తిప్పి చూడాలి.