చీమలగీత మైదానం

పూర్వం నాటాల్ దేశంలో, హిందూ మహాసముద్రానికి ఆమడ దూరాన, చెరకుతోటల నడుమ బెల్ రోడ్ అనే మిల్లు గ్రామం ఉండేది. విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చిన తెలుగు కూలీలూ, ఆ నేలమీదే పుట్టిన జూలూ కూలీలూ అక్కడ ఒకే తోటలో చెరకు నరికి, ఆదివారం మధ్యాహ్నాలు ఒకే బయలులో కాలిబంతి ఆడేవారు. ఆ ఆటలో నుంచే బెల్ రోడ్ రోవర్స్ జట్టు పుట్టింది. నేడు ఆ జట్టుకు పదకొండు దేశవాళీ కప్పులూ, ఆఫ్రికా ఖండపు కప్పు ఒకటీ, నలభై వేలమంది కూర్చునే మైదానమూ ఉన్నాయి. అయితే ఆ మైదానానికి మహిమ వచ్చింది కప్పుల వల్ల కాదు, కలుపు తీసే కూలిమనిషి గైరమ్మ వల్ల.

గైరమ్మ భర్త పైడయ్య ఆ జట్టులో ముందు వరుసలో ఆడేవాడు. ఆమె ప్రతి ఆదివారమూ మిల్లు కొలిమి బూడిదను తట్టకెత్తుకుని వచ్చి, ఎవరూ అడగకుండానే, వాకిట్లో ముగ్గు పెట్టినంత శ్రద్ధగా ఆట గీతలన్నీ గీసేది. ఆటలో నియమాలు ఆమెకు తెలియవు. గీత వంకరపోతే మాత్రం చెరిపి మళ్లీ గీసేది.

ఆ బయలులో కూడా చెరకు వేయించాలని మిల్లు దొరకు చాలాకాలంగా ఆశ. ఒక ఏడు రోవర్స్ జిల్లా కప్పు చివరి ఆటదాకా వచ్చినప్పుడు, పెద్దలు వెళ్లి ఆ నేల తమకు వదిలేయమని వేడుకోగా, కప్పు తెస్తే వదులుతాననీ, తేకపోతే సోమవారం నాగళ్లు దిగుతాయనీ ఆయన తేల్చి చెప్పాడు. ఆదివారం ఆ బయలులోనే ఆట. ఎదుటిది రేవు జట్టు. కప్పు అప్పటికే వాళ్లది కనుక, ఆట సమమైనా వాళ్లకే దక్కుతుంది. ఇది చాలదన్నట్టు, శనివారం నాడు మిల్లు మేస్త్రీ బూడిద దొడ్డికి తాళం వేయించాడు.

గైరమ్మ ఇంటికి వెళ్లి, ఆ వారానికి కొలిచి ఇచ్చిన రేషను బియ్యం మొత్తం రోట్లో పోసి దంచింది. ఆ పిండి ఒక్క గీతకే సరిపోయేలా ఉంది. ఉత్తరం మంచి దిక్కని తలచి, ఉత్తరపు గోలు రెండు స్తంభాల మధ్య బెత్తెడు వెడల్పున పోసింది. మిగిలిన గీతలను మగవాళ్లు పారలతో గీశారు. మామ వరసైన సన్నాసి అది చూసి నవ్వాడు.

“ఏటే గైరమ్మా, గోలుకి పెళ్లి సేస్తన్నావేటి? వారం దినాలూ మొగుడికి బంతి వండి పెడతావా?”

“కీపరు కాసేది ఇల్లు కాదేటి మావా? ఇల్లన్నాక గడప నేకపోతే, దొంగ లోపలున్నాడో బయటున్నాడో ఎవుడికి తెలుస్తాది?” అని ఆమె పిండి పోస్తూనే ఉంది.

మరునాడు ఆట మొదటి సగంలోనే పైడయ్య గోలు కొట్టాడు. రెండవ సగంలో రోవర్స్ ఉత్తరపు గోలు కాయవలసి వచ్చింది. అప్పటికి పిండి వాసనకు చేరిన నల్లచీమలు ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా బారులు తీరి ఉన్నాయి. గోలుకీపరు ములుంగిసి అనే జూలూ యువకుడు. కూలీల ఇళ్ల లైన్లలో పెరిగినందువల్ల తెలుగు బాగా వచ్చినవాడు. అందరిలాగే వట్టి కాళ్లతో ఆడుతున్నాడు.

“అమ్మా, నీ సుట్టాలు నా కాళ్లు తినేస్తన్నారు!” అని గంతులు వేస్తూ కేక పెట్టాడు.

“నా సుట్టాల్ని తొక్కీకురా నాయనా, ముందుకి జరుగు!” అని గట్టు మీద నుంచి ఆమె అరిచింది. అతడు అడుగు ముందుకు జరిగి నిలబడ్డాడు.

ఆట ముగియబోతుండగా రేవు జట్టువాడు దగ్గర నుంచి బంతిని బలంగా తన్నాడు. ములుంగిసి ముందుకు పడి దానిని పొట్టకింద అదుముకున్నాడు. దుమ్ము లేచింది. బంతి లోపలికి పోయిందనీ, కీపరు దానిని వెనక్కి లాగాడనీ రేవువాళ్లు గొడవకు దిగారు. పట్నం నుంచి రెఫరీగా వచ్చిన ముసలి బడిపంతులు అందరినీ ఆగమని, కళ్లజోడు తుడుచుకుని, మోకాళ్లమీద కూర్చున్నాడు. బంతి వచ్చిన జాడ దుమ్ములో ఉంది. ఆ జాడ ఆగిన చోటికి జానెడు అవతల చీమలు, ఒక్కటీ నలగకుండా, ఒక్క చోటా తెగకుండా, పిండి మోసుకుంటూ నడుస్తున్నాయి.

“వీళ్ల బారు చెదరలేదు. గోలు కాదు” అని ఆయన లేచి ఈల ఊదాడు.

గైరమ్మకు పూనకం వచ్చిందనీ, చీమలు బంతిని నెట్టాయనీ కొందరు చెప్పుకుంటారు. అలాంటిదేమీ జరగలేదు. చీమలు వాటి తిండి అవి తిన్నాయి, అంతే. కప్పు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్న దొర ఆ నేలను దున్నించలేకపోయాడు. బియ్యం లేని ఆ వారమంతా గైరమ్మ ఇంటికి ములుంగిసి తల్లి మొక్కజొన్న గంజి పంపింది.

నాటి నుంచి ఆ నేలకు చీమలగీత అనీ, ఆ జట్టుకు చీమలజట్టు అనీ పేరు నిలిచింది. ఏటా ఆ ఆట జరిగిన ఆదివారం నాడు వచ్చినవాళ్లందరికీ మొక్కజొన్న గంజే పోస్తారు, చీమలు తినేదాకా ఎవరూ అన్నం ముట్టరు. ఇప్పుడు గీతలను యంత్రం తెల్లరంగుతో వేస్తుంది. ఆ రంగు మీదనే, ప్రతి ఆటకు ముందు, ఉత్తరపు గోలు దగ్గర గుప్పెడు బియ్యప్పిండి పోస్తారు. ఏ దేశం నుంచి వచ్చిన గోలుకీపరైనా సరే, అక్కడికి రాగానే క్రిందికి చూసి, ఇంట్లో గడప దాటినట్టు, కాలు ఎత్తి దాటి నిలబడతాడు.