గోదా దున్నిన మిషన్

ఓబులేసు చేతిలో మొదట ఉన్నది పదకొండు వేల నాలుగు వందలు. ఉరుసు కుస్తీల్లో గెలిచిన డబ్బు. రెండు నెలలు తిరిగేసరికి అందులో ఒక్క రూపాయి మిగల్లేదు. మిగిలిందల్లా ఒక చిన్న దుక్కి మిషను, దెబ్బలు తగిలిన ముగ్గురు పిల్లలు.

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక, కుస్తీ నేర్పే హుసేన్ పీరా ఉస్తాద్ తాలీం ఉంది. రేకుల కప్పు కింద కుస్తీ పట్టే ఇరవై అడుగుల మట్టి గోదా. ఉస్తాద్ కళ్ళకు శుక్లాలు ముదిరి, ఆపరేషన్ కోసం గుంతకల్లులో కూతురింటికి వెళ్తూ కుస్తీ నేర్చుకునే పిల్లలను పెద్ద శిష్యుడు ఓబులేసుకు అప్పగించాడు. ఒక కన్నుకు చేసి, అది మానాక రెండో కన్నుకు చేస్తామన్నారు.

"పన్నెండు మందిరా. ఎంతమందిని ఇచ్చినానో అంతమందిని చూపియ్యి" అన్నాడు బస్సెక్కుతూ.

ఓబులేసుకు ఇరవై రెండేళ్ళు. ఏ పనైనా చూడగానే ముందు అందులో ఎంత వృథా పోతోందో కనిపిస్తుంది అతనికి. తాలీంలో అతనికి చాలా కాలంగా కనిపిస్తున్నది తవ్వకం. అక్కడి ఆచారం ప్రకారం రోజూ తెల్లవారగానే పిల్లలే పారలు పట్టి గోదా మొత్తం తిరగదవ్వాలి. గడ్డలు చితక్కొట్టాలి, చదును చెయ్యాలి. ఆ తర్వాతే కుస్తీ. తవ్వకానికి నలభై నిమిషాలు.

మిషనుకైతే పది నిమిషాలు చాలు. ఒక్కొక్కరికి అరగంట మిగులు. పన్నెండు మందికి కలిపి రోజుకు ఆరు గంటల కుస్తీ ఊరికే పారేస్తున్నామని లెక్క తేలింది. ఉస్తాద్ తిరిగొచ్చేసరికి ఈ పిల్లలు జిల్లా పోటీలకు తయారై ఉండాలి అనుకున్నాడు. కాయగూరల తోట రైతు దగ్గర పాత దుక్కి మిషను తొమ్మిది వేల ఐదు వందలకు బేరమాడాడు. మిగిలిన పంతొమ్మిది వందలు దాని బాగుకు సరిపోయాయి.

పిల్లలు ఎగిరి గంతేశారు. "అన్నా, ఇంక మేం మట్టి పని చేసే కూలోళ్ళం కాదన్నమాట" అన్నాడు చాంద్‌బాషా.

"కూలోడివి కాదురా, పహిల్వానువి" అన్నాడు ఓబులేసు.

మొదట్లో అంతా బాగానే నడిచింది. చలి ముదిరాక చాంద్‌బాషాకు తొడ వెనక కండ పట్టేసింది. ఓబులేసు పట్టించుకోలేదు, కుస్తీలో అది మామూలే. తర్వాత ఇంకొకడికి భుజం బెణికింది. దాంతో మట్టి సరిగా లేదేమో అని అనుమానమొచ్చింది. స్కేలు గుచ్చి లోతు కొలిచాడు. పారలతో తవ్విన రోజుల కన్నా రెండంగుళాలు ఎక్కువే ఉంది. అయినా మట్టిలో మరో డబ్బా నువ్వుల నూనె పోయించాడు, పసుపు కలిపించాడు. అందరికీ మోకాలి పట్టీలు కూడా తెచ్చాడు.

ఆ పట్టీలు వేసుకుని ఉండగానే ఈరన్న మోకాలు మెలిక పడింది.

ఈరన్న తల్లి లింగమ్మ మిల్లులో పత్తి ఏరుతుంది. ఆమె తాలీం వాకిట్లోకి వచ్చి నిలబడింది. కేకలు వెయ్యలేదు.

"ఉస్తాద్ ఉన్నన్నాళ్ళూ నా కొడుకు మట్టి కొట్టుకొని వచ్చేటోడు. కాళ్ళు మటుకు సరిగానే ఉండేవి. ఆయప్ప వచ్చేదాకా చూస్తా. తరవాత వీణ్ణి మాన్పిస్తా. వీడొక్కణ్ణే కాదులే నాయనా, మా వీధిలో నలుగురూ అదే మాట మీద ఉండారు."

మరో రెండు రోజులకు ఉస్తాద్ నల్లద్దాలు పెట్టుకుని బస్సు దిగాడు. సంచి అందుకుంటూనే ఓబులేసు సంగతంతా చెప్పాడు. ఏదీ దాచలేదు.

"మట్టిలో లోపం లేదు ఉస్తాద్. పట్లు మీరు నేర్పినవే. ఎక్కడ తప్పిందో నాకు తెలీడంలేదు. ఈ బాధ్యత నాకొద్దు. మీరే తీసుకోండి."

ఉస్తాద్ తాలీం వైపు కాకుండా మిల్లు వీధి వైపు తిరిగాడు. "ముందు కాలు చూద్దాం పద."

ఈరన్న మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. ఉస్తాద్‌ను చూడగానే వాడి మొహం వెలిగింది.

"ఉస్తాద్, మీరు నూనె పెట్టి ఒక్కసారి లాగితే సరిపోతాది."

"డాక్టర్ ఏమన్నాడు?"

"ఎక్స్‌రేలో ఎముక బాగుందంట. లోపల కీలును పట్టి ఉంచే లిగమెంటు సాగిందంట. మూడు వారాలు కుస్తీ వద్దన్నాడు. బరువు మొయ్యొద్దన్నాడు."

"మరి నన్ను లాగమంటావేమి? సాగినదాన్ని ఇంకా సాగదీయమనా?"

లింగమ్మ నూనె గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఉస్తాద్ చేత్తో వద్దని సైగ చేశాడు.

"వాపు మీద నేను చెయ్యి పెట్టను తల్లీ. మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టండి. కాలు దిండు మీద ఎత్తులో ఉండల్ల. మూడు వారాలయినాక మళ్ళా డాక్టరుకే చూపించండి. ఆయన సరేనన్నాక నా దగ్గరికి పంపుతావో, పంపవో, అప్పుడు చూద్దాం."

"పంపమని చెప్పవా?" అంది లింగమ్మ.

"రేపు నా గోదా చూసుకోనీ. చూడకుండా ఎట్ల చెప్పేది?"

మర్నాడు చలి గట్టిగా ఉంది. పిల్లలు దుప్పట్లు కప్పుకుని గోడ వారన వరసగా కూర్చున్నారు. ఒకడు కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఉస్తాద్ అరుగు మీద కూర్చుని అన్నిటినీ కొత్త కళ్ళతో చూస్తున్నాడు.

ఓబులేసు తాడు లాగాడు. మిషను దగ్గి, పొగ వదిలి, మోత మొదలుపెట్టింది. అతను దాన్ని గోదాలోకి దించకుండా పక్కన నిలబడ్డాడు.

"దున్నవేమిరా?" అని అరిచాడు ఉస్తాద్, మోతలో వినబడేలా. "ఊరికే మోగించుకుంటా నిలబడినావు?"

"ఇంజను వేడెక్కల్ల ఉస్తాద్!" ఓబులేసు దగ్గరికొచ్చాడు. చాలా రోజుల తర్వాత అతని గొంతులో హుషారు వినిపించింది. "రాత్రంతా చలికి ఉండాది కదా, లోపల ఆయిల్ చిక్కబడి ఉంటాది. అట్లనే బరువేస్తే రింగులు దెబ్బతింటాయి. అమ్మినాయన మరీ మరీ చెప్పినాడు. ఐదు నిమిషాలు ఇట్ల వదిలేస్తే అన్ని భాగాలకూ ఆయిల్ పారుతాది."

"ఒక్కరోజు కూడా మానలేదా?"

"ఒక్కరోజు కూడా! అందుకే చూడండి, కొన్నాక ఒక్క రిపేరు రాలేదు."

"శభాష్" అన్నాడు ఉస్తాద్.

ఐదు నిమిషాలయ్యాక ఓబులేసు మిషనును గోదాలోకి దించాడు. అంచుల దగ్గర కూడా జాగ్రత్తగా తిప్పాడు. మట్టి పిండిలా విరిగింది. పది నిమిషాల్లో పని ముగించి, మిషను గట్టుకు చేర్చి ఆపాడు.

"కానీండిరా!" అన్నాడు.

జోడీల్లో మొదటివాళ్ళు ఇద్దరు లేచారు. దుప్పట్లు విసిరేసి, చేతులు రుద్దుకుంటూ, వణుకుతూ గోదా అంచుకు వచ్చారు. ఒకడు గుప్పెడు మట్టి తీసి నుదుట పెట్టుకున్నాడు.

"ఆగండి" అన్నాడు ఉస్తాద్.

అరుగు దిగి నెమ్మదిగా నడిచొచ్చాడు. ఓబులేసు కుడి చెయ్యి పట్టుకున్నాడు. ఏదో పట్టు చూపిస్తాడేమోనని పిల్లలు మెడలు సాచారు. ఉస్తాద్ ఆ అరచేతిని తీసుకెళ్ళి మిషను రేకు మూత మీద పెట్టాడు. కాలేంత వేడి లేదు. ఇప్పుడే దింపిన పాలగిన్నెలా ఉంది. కొంచెంసేపు అక్కడే ఉంచాడు.

తర్వాత అదే చేతిని తెచ్చి గోదా అంచున నిలబడ్డ పిల్లాడి తొడ మీద పెట్టాడు.

వాడు కితకితలకు నవ్వాడు. "అబ్బా, నీ చెయ్యి ఎంత వెచ్చగుందన్నా!"

ఓబులేసు నవ్వలేదు. పిల్లాడి తొడ చన్నీళ్ళ బిందెలా ఉంది. కిందికి జారి మోకాలిని తాకాడు. అది ఇంకా చల్లగా ఉంది. రెండోవాడి భుజం పట్టి చూశాడు. గోడ వారన కూర్చున్నవాళ్ళ వైపు చూశాడు. దుప్పట్లలోంచి తలలు మాత్రమే బయటికి ఉన్నాయి.

"దానికి ఐదు నిమిషాలు ఇచ్చినావు" అన్నాడు ఉస్తాద్. వెళ్ళి అరుగు మీద కూర్చుని అద్దాలు తుడుచుకోసాగాడు.

ఓబులేసు రేకుల మూలకు వెళ్ళి, బూజు పట్టిన పారలన్నీ తెచ్చి గోదా అంచున పడేశాడు. ఆ చప్పుడుకు కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి లేచాడు.

"దుప్పట్లు తీయండిరా. అందరూ రాండి."

చాంద్‌బాషా నోరు తెరిచాడు. "మిషను దున్నేసింది కదన్నా! దున్నిన మట్టినే మళ్ళా తవ్వల్లనా?"

"తవ్వల్ల."

"దేనికి?"

"మీ ఇంజన్లు కూడా వేడెక్కల్ల కదరా" అన్నాడు ఓబులేసు. చొక్కా విప్పి గోడకున్న మేకుకు తగిలించాడు. ఒక పార తీసి, బూజు దులిపి, మెత్తటి గోదాలో కాలు పెట్టాడు.