శరభయ్య ఇచ్చిన దొర మాట

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు ఉగ్గుపాలు తాగే రోజుల్లో, శరభయ్య అనే పగటివేషగాడు ఉండేవాడు. పట్టపగలు వీధివీధీ తిరిగి వేషాలు వేసి, జనం పెట్టింది తినేవాడు.

ఆ సీమను ఏలే దొరకు ఒక ఊతపదముంది. ఎవరు ఏ గోడు చెప్పుకున్నా "చూద్దాంలే" అనేవాడు. శివారు రైతులు కాలువ తూము తీయించమని మూడుసార్లు వెళ్లి మొక్కారు. మూడుసార్లూ అదే మాట. నారు ఎండిపోతోంది.

ఆ ఏడు శరభయ్య ఏకంగా దొర వేషమే కట్టాడు. ఎంత గుండె ధైర్యమో చూడండి! పొట్టకు దిండు, మూతికి మేకవెంట్రుకల మీసం. మొదటిరోజు దొరలా నడిచాడు. జనం నవ్వారు. రెండోరోజు దొరలా ఆవలించి "చూద్దాంలే" అన్నాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మూడోరోజు ఎవరూ నవ్వలేదు.

చూపు ఆనని ముసలి పోలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, నిజం దొరే అనుకుని అతని కాళ్లు పట్టుకుంది.

"మడి బీటలు తీసేసింది బాబూ. నీ నోటితో ఒక్క మాట సెప్పు."

ఆమె ముందు "చూద్దాంలే" అనడానికి శరభయ్యకు సిగ్గేసింది. "రేపు పొద్దున్నే తూము తీయిస్తానమ్మా" అనేశాడు.

మాట ఆగుతుందా? దొర మాటిచ్చాడట అని మూడూళ్లూ పాకిపోయింది. తెల్లారేసరికి రైతులు పారలతో తూము దగ్గర నిలబడ్డారు.

దొర శరభయ్యను పిలిపించి మండిపడ్డాడు. "నా పేరున మాటివ్వడానికి నువ్వెవడివిరా?"

"తప్పు నాదే దొరా, శిక్ష నాకెయ్యండి. మాట మాత్రం తమ పేరు మీదే పోయింది."

దొర లెక్క వేసుకున్నాడు. కాదంటే, వేషగాడికున్న మనసు దొరకు లేదంటారు. తూము తీయించాడు. శరభయ్యను మాత్రం మళ్లీ ఈ సీమలో అడుగు పెట్టొద్దని తరిమేశాడు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది! నీళ్లు శివారు చేరకముందే అతను పొలిమేర దాటాడు. ఎక్కడో పరాయి ఊళ్లో కన్నుమూశాడు.

ఆ తర్వాత దొర "చూ..." అంటే చాలు, జనం నోటికి కొంగులు అడ్డం పెట్టుకునేవారు. పాపం, ఆ మాటే మానుకోవాల్సి వచ్చింది.

ఆ దొర పేరేమిటో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఏటా కాలువనీళ్లు చివరి మడికి చేరిన రోజున, ఆ శివారు రైతులు పొలిమేర దాకా నడిచి వెళతారు. శరభయ్య వెళ్లిన దారివైపు తిరిగి గొంతెత్తి కేకేస్తారు:

"శరభయ్య దొరా, నీళ్లొచ్చాయి!"