ఏడెనిమిదులు యాభై నాలుగు

ఇది ఏ ఏడాదిలో జరిగిందో చెప్పేవాళ్ళకీ తెలియదు, వినేవాళ్ళకీ తెలియదు. సముద్రం దాటాలంటే వారాల తరబడి ఓడలో కూర్చోవాల్సిన రోజులు. ఏడాది మరిచిపోయారు గానీ సుద్దముక్కల లెక్క మాత్రం ఎవరూ మరిచిపోలేదు. నూట నలభై నాలుగు. ఆఫ్రికా రేవులో దిగిన రోజున ఎలీషా మాస్టారికి ఉన్న ఆస్తి అంతా అదే.

ముక్క రెండు రోజులు వస్తే రెండు వందల ఎనభై ఎనిమిది రోజులు, అని రేవులోనే లెక్క కట్టేశాడు. ఈలోపల బడి నిలబెట్టాలి. పిల్లలకి ఎక్కాలన్నీ రావాలి. తన పేరు ఆ ఊళ్ళో నిలిచిపోవాలి. కుర్రాడు, లెక్కల్లో మెరుపు. కృష్ణ ఒడ్డున చర్చి సంఘంలో, "ఆఫ్రికా బడికి ఎవరు వెళ్తారు?" అని అయ్యగారు అడిగితే, మాట పూర్తి కాకముందే చెయ్యెత్తినవాడు.

ఆ వెనకే ఇంకో చెయ్యి లేచింది. చర్చి ఊడ్చే దీనమ్మది. మొగుడు లేడు, పిల్లలు లేరు, అక్షరం రాదు.

"నువ్వెళ్ళి ఏం నేర్పుతావమ్మా?" అన్నారు అయ్యగారు.

"నేర్పేదానికి మాస్టారున్నాడు గదండీ. పిల్లలకి వండేదానికి మనిషి కావాలి గదా. నేను బోతా."

ఆవిడ మూటలో రెండు చీరలు, ఒక గరిటె. ఆ మూటని ఎవరూ లెక్కపెట్టలేదు.

అవతలి ఒడ్డు కనపడని పెద్ద సరస్సు. దాని ఒడ్డున ఊరు. ఊరి చివర మట్టిగోడల బడి, చుట్టూ ముళ్ళకంచె. ఆ ఊరి పాస్టరు కమ్వెండో ఇద్దరికీ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఎలీషా చేతిని ఎంతసేపు పట్టుకున్నాడో, దీనమ్మ చేతినీ అంతసేపే పట్టుకున్నాడు. ఎలీషా అది కూడా గమనించాడు.

బడిలో తొమ్మిది చాపలు పరిచారు. చాపకి ఆరుగురు. తొమ్మిది ఆర్లు యాభై నాలుగు. ఎలీషా యాభై నాలుగు పేర్లూ పుస్తకంలో రాసి, కింద గీత గీశాడు. గీత గీసిన తరవాత మేకల్ని తోలుకుంటూ ఇద్దరు ఆడపిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"చోటు లేదు" అన్నాడు ఎలీషా.

వాళ్ళ పేర్లు అడగలేదు. అడిగితే రాయాలి. రాస్తే లెక్క చెడుతుంది. వాళ్ళిద్దరూ కంచె బయటికి వెళ్ళిపోయారు.

తరవాత తిండి లెక్క. రోజూ మధ్యాహ్నం పిల్లకో ఉడికిన చిలగడదుంప, యాభై నాలుగు. వండే మనిషికి రెండు. మొత్తం యాభై ఆరు. పాస్టరు ఇంటి నుంచి పొద్దున్నే బుట్ట వచ్చేది. ఎలీషా ఒక్కొక్కటీ లెక్కపెట్టి దీనమ్మకి అప్పజెప్పేవాడు.

ఇక చదువు. మొదటి రోజు ఎలీషా నల్లబల్ల మీద రెండో ఎక్కం రాశాడు. పిల్లలు చూశారు. రెండో రోజు రాశాడు. పిల్లలు చూశారు. మూడో రోజు రాశాడు. పిల్లలు వంటపాక వైపు చూశారు.

అక్కడ దీనమ్మ కుండలోంచి దుంపలు తీస్తోంది. ముందుగా రెండు తీసి కొంగులో వేసుకుంది. 'తనవి ముందే తీసుకుంటుంది చూడు' అనుకున్నాడు ఎలీషా. తరవాత అరిటాకు మీద రెండేసి చొప్పున కుప్పలు పెడుతూ పాడటం మొదలుపెట్టింది.

"రెండొకట్ల రెండు... రెండు రెళ్ళు నాలుగు... రెండు మూళ్ళు ఆరు..."

చిన్నప్పుడు బడి గోడ బయట గేదెలు కాస్తూ విన్న పాట అది. లోపలికి రానివ్వలేదు గానీ చెవులకి అడ్డం ఎవరు పెడతారు? ఆ పాట ఆవిడకి ఒంటపట్టింది. పిల్లల కళ్ళు దుంపల మీద, చెవులు పాట మీద. ఆకు నిండేసరికి యాభై నాలుగు గొంతులు అదే తెలుగులో, అదే రాగంలో, "రెండు మూళ్ళు ఆరు" అంటున్నాయి.

ఆ రోజు ఎలీషా కడుపులో ఒక నిప్పురవ్వ పడింది. చిన్నదే. ఊదేస్తే పోతుందనుకున్నాడు.

అది నోటికొచ్చాక మూడేసి కుప్పలు. ఆ తరవాత నాలుగేసి. నెలకో ఎక్కం.

ఒకనాడు చేపలు పట్టే మనిషి ఒకడు బడికి వచ్చాడు. చేతిలో ఎండుచేపల దండ. ఎలీషా లేచి నిలబడి చెయ్యి చాచాడు. ఆ మనిషి ఆ చేతిని మర్యాదగా ఊపి వదిలేశాడు.

"మా పిల్ల చిసోమో నిన్న సంతలో చేపలన్నీ తనే లెక్కపెట్టింది మాస్టారూ. బేరగాడు నోరెళ్ళబెట్టాడు. నేర్పిన అమ్మ ఎక్కడ?"

"నేర్పింది..." అని ఎలీషా మొదలుపెట్టేసరికి దండ వంటపాక వైపు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం దీనమ్మ చేపల కూర తెచ్చి ముందు పెట్టింది. "తినండి మాస్టారూ. అచ్చం మన చందువ మాదిరే ఉంది."

"నాకు ఆకలి లేదు."

"మీ పిల్ల లెక్కకి వచ్చిన చేప గదా. మీరు తినకపోతే ఎట్టా?"

ఆవిడ ఎగతాళి చేస్తోందో, నిజంగానే అంటోందో ఎలీషాకి తెలియలేదు. అదే ఎక్కువ మండించింది. రెండో రవ్వ పడింది.

మూడోది ఆదివారం పడింది. ప్రార్థన అయ్యాక పాస్టరు కమ్వెండో మెట్లు దిగుతూ కూనిరాగం తీస్తున్నాడు. ఏ కీర్తనో అనుకుని ఎలీషా చెవి ఒగ్గాడు. "మూడు మూళ్ళు తొమ్మిది... మూడు నాలుగులు పన్నెండు..." పాస్టరు ఎలీషాని చూసి నవ్వాడు.

"మంచి బడి మాస్టారూ. వానలకి ముందు సంఘం పెద్దలు పరీక్షకి వస్తున్నారు. పిల్లలు నెగ్గితే, నేర్పినవాళ్ళ పేరు గుమ్మం పై చెక్క మీద చెక్కిస్తాను. ఊరు ఉన్నంతకాలం ఉంటుంది."

నేర్పినవాళ్ళ పేరు. ఎవరి పేరు? ఆ మాట అడగలేకపోయాడు ఎలీషా. మూడు రవ్వలు కలిసి మంటైంది. ఆ మంటతో తిన్నాడు, ఆ మంటతో పడుకున్నాడు, ఆ మంటతోనే లేచాడు. అక్షరం రాని మనిషి. రోజుకి రెండు దుంపల మనిషి. పిల్లలంతా తిన్నాక పొయ్యి దగ్గర ఒక్కతే కూర్చుని తొక్కలు నములుతూ ఉంటుంది. తన వాటా తిన్నది చాలక తొక్కలు కూడానా, అనుకునేవాడు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఏడో ఎక్కం వంతు వచ్చింది. ఎలీషా గదిలో కూర్చుని, వద్దనుకుంటూనే వింటున్నాడు.

"ఏడు ఆర్లు నలభై రెండు... ఏడేడులు నలభై తొమ్మిది... ఏడెనిమిదులు యాభై నాలుగు."

ఎలీషా లేచి నిలబడ్డాడు. యాభై నాలుగు? పిల్లలు కూడా అదే అన్నారు. యాభై నాలుగు.

నెలల తరవాత మొదటిసారి ఆయన కడుపు చల్లబడింది. వెళ్ళి, "దీనమ్మా, అది యాభై ఆరు" అంటే అక్కడితో సరిపోయేది. చెప్పలేదు. ఆ తప్పుని పండక్కి కొన్న బట్టల్లాగా దాచుకున్నాడు. ఏడో ఎక్కం వచ్చిన ప్రతిసారీ, పోలేదు గదా, ఉంది గదా అని విని చూసుకునేవాడు. ఉంది. యాభై నాలుగు.

పరీక్ష రోజు వచ్చింది. పెద్దలు ముగ్గురు వరసగా కూర్చున్నారు. ఊరంతా కంచె పొడుగునా నిలబడింది. రెండో ఎక్కం నెగ్గారు. అయిదో ఎక్కం నెగ్గారు. అప్పుడు ఎలీషా తనే ముందుకొచ్చాడు.

"ఏడెనిమిదులు?"

"యాభై నాలుగు!" యాభై నాలుగు గొంతులు, ఒక్క తడబాటు లేదు.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరు నేర్పారు ఇది?" అన్నాడు ఎలీషా.

యాభై నాలుగు చేతులు వంటపాక వైపు లేచాయి. దీనమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏడెనిమిదులు యాభై ఆరు" అన్నాడు ఎలీషా, ఊరంతటికీ వినపడేలా. "వంట మనిషి వంట చేసుకోవాలి. తప్పు లెక్క నేర్పితే పిల్లలు జన్మంతా తప్పుతారు. అవునా, కాదా?"

చిసోమో ఏదో అనబోయింది. దీనమ్మ ఆ పిల్ల వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"తప్పే మాస్టారూ" అంది. "నాదే తప్పు."

అంతే. వంటపాకలోకి వెళ్ళిపోయింది.

పెద్దలు ఒక్క తప్పుని మన్నించారు. పిల్లలు నెగ్గారు. గుమ్మం పై చెక్క మీద ఎలీషా తన పేరు తనే సుద్దతో రాసుకున్నాడు. వడ్రంగి వచ్చి ఆ గీతల మీద చెక్కాలి. ఆ రోజు నుంచి దీనమ్మ దుంపలు పంచేది గానీ పాడేది కాదు. మాట్లాడకుండా కుప్పలు పెట్టేది. పిల్లలు మాట్లాడకుండా తినేవాళ్ళు. ఎలీషాకి కావలసింది అదే. అయినా ఆ నిశ్శబ్దంలో కూడా అందరూ ఆవిడనే వింటున్నట్టు ఉండేది.

వానలు వచ్చాయి. వడ్రంగి రాలేదు. దీనమ్మకి జ్వరం వచ్చింది. మొదటి రోజు వండింది. రెండో రోజు కూర్చుని వండింది. మూడో రోజు లేవలేదు. ఎలీషాని పిలిపించింది.

"రేపు దుంపలు మీరే పంచండి మాస్టారూ."

"అట్లాగే."

"మీ చేత్తోనే. లెక్క మీకు బాగా వచ్చు గదా." కొంచెం నవ్వింది. "ఏడెనిమిదులు ఎంతో మీకు తెలుసు."

చావబోతూ కూడా దెప్పుతోంది అనుకున్నాడు ఎలీషా. పొద్దు వాలకముందే ఆవిడ ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున్నే సమాధి చేశారు. సరస్సు మీద పడవ ఒక్కటి లేదు, అందరూ ఇక్కడే ఉన్నారు. ఎలీషా ఊరుకోలేక లెక్కపెట్టాడు. మూడు వందల పన్నెండు మంది. తను పోతే ఎంతమంది వస్తారో కూడా లెక్క వేశాడు. ఆ లెక్క త్వరగానే తేలింది.

మధ్యాహ్నం ఉడికిన దుంపల బుట్ట ముందు కూర్చున్నాడు. చాప తరవాత చాప, చేతికో దుంప. తొమ్మిది చాపలూ అయిపోయాయి. బుట్టలో రెండు మిగిలాయి. పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టాడు, యాభై నాలుగు. మళ్ళీ పెట్టాడు, యాభై నాలుగు. మూడోసారి పెట్టి, ఓహో, దీనమ్మ వాటా గదా అనుకున్నాడు. మనిషే లేదు. రేపటి నుంచి బుట్టలో రెండు తగ్గించాలి. పుస్తకం అందుకున్నాడు.

ఒక్క పిల్ల కూడా దుంప కొరకలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. చిసోమో లేచింది. నోరు తెరిస్తే అచ్చం దీనమ్మ పల్నాటి యాస.

"అయి మీయి గాదు మాస్టారూ. అయి దీనమ్మయి."

"దీనమ్మ లేదు గదా తల్లీ. ఎవరు తింటారు?"

"ఉన్నప్పుడు మాత్రం తినిందా ఏంది? ఏ రోజూ తిన్లా. తొక్కలు తినేది." ఆ పిల్ల కంచె వైపు చెయ్యి చూపించింది. "అదిగో, వాళ్ళయి."

కంచె అవతల ఇద్దరు ఆడపిల్లలు. చుట్టూ మేకలు. అరచేతులు చాచుకుని కూర్చుని, ఎవరూ అడగకుండానే పాడుతున్నారు. ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి, ఒక్కటి తప్పకుండా వచ్చారు.

"ఏడేడులు నలభై తొమ్మిది... ఏడెనిమిదులు యాభై నాలుగు లోపల, రెండు బయట."

ఎలీషా వేళ్ళ మీద వేసి చూశాడు. ఏడేసి కుప్పలు ఏడు, నలభై తొమ్మిది. ఎనిమిదో కుప్పకి ఏడు ఉండాలి. రెండు ముందే కొంగులోకి వెళ్ళాయి గనక అయిదే ఉంటాయి. యాభై నాలుగు. లెక్క సరిగ్గానే ఉంది. ఎప్పుడూ సరిగ్గానే ఉంది.

"మరి పరీక్ష రోజు చెప్పొచ్చు గదా" అన్నాడు.

"నేను చెప్పబోయినా. అమ్మ వద్దంది. మాస్టారు లెక్క మనిషి, తెలిస్తే ఆ రెండూ కొట్టేస్తాడు అంది."

కొట్టేసేవాడినా? తనని తనే ప్రశ్నించుకున్నాడు ఎలీషా. కొట్టేసేవాడే. ఆ రోజే. ఇప్పుడు మాత్రం పుస్తకం ఒళ్ళో తెరిచి లేదూ?

ఇదీ దీనమ్మ కథ. ఆ సరస్సు ఒడ్డున ఈనాటికీ ఏది పంచినా, పెళ్ళిలో అన్నమైనా, వలలో చేపలైనా, ముందు రెండు పక్కన పెడతారు. "దీనమ్మ రెండు" అంటారు. ఎవరికని అడిగితే, ఇంకా రానివాళ్ళకి అంటారు. బడిపిల్లలు ఏడో ఎక్కం అదే రాగంలో పాడతారు. అది ఏ భాషో వాళ్ళకి తెలియదు, లెక్కలు పుట్టిన భాష అనుకుంటారు. ఏడెనిమిదులు యాభై నాలుగు దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగి, తలలు తిప్పి గుమ్మం బయటికి చూస్తారు. దారిన పోయేవాళ్ళు తప్పు దిద్దబోతే నవ్వుతారు. ఆ గుమ్మం పై చెక్క మీద ఏ పేరూ లేదు. సుద్దని చొక్కా చేతితో తుడిచిన మరక ఒకటి ఉండేదని ముసలివాళ్ళు చెబుతారు.

ఎలీషా ఏమయ్యాడని పిల్లలు అడుగుతారు. చెప్పేవాళ్ళు చెప్పరు. కథని ఎప్పుడూ ఒకే చోట ఆపుతారు. వాన వెలిసింది. ఎలీషా మాస్టారు ఎడమచేతిలో రెండు దుంపలు, కుడిచేతిలో ఒక సుద్దముక్క పట్టుకుని కంచె దాకా వచ్చాడు. అవతల ఇద్దరూ పాట ఆపి ఆయన వైపే చూస్తున్నారు. వాళ్ళ పేర్లు ఆయనకి తెలియవు. అడగాలి. ముళ్ళకంప పక్కకి జరిపి, బయట పెట్టడానికి కాలు ఎత్తాడు.