కుందేలు కొన్న రెండో లంగరు

అనగనగా గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక మడ అడవి. ఆ అడవిలో సూరన్న అనే కుందేలు, అతని కూతురు తాయారు ఉండేవారు. తాయారు తల్లి లేని పిల్ల. సూరన్నకి ఆ పిల్లే లోకం. ఇది నవ్వించే కథ కాదు పిల్లలూ, ముందే చెబుతున్నాను. అయినా మీరు వినాలి.

కూతురు ముచ్చటపడిందని సూరన్న ఒక చిన్న పడవ చేయించాడు. చేపలు పట్టడానికి కాదు, సరుకు మొయ్యడానికి కాదు, ఊరికే షికారు తిరగడానికి. పడవకి లంగరు కావాలి కదా. నీళ్ల అడుగుకి దిగి, నేలని పట్టుకుని, పడవ కొట్టుకుపోకుండా ఆపేది లంగరే. మొదటి లంగరు కోసం సూరన్న చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. వారం రోజులు తిరిగి, బురదలో గట్టిగా దిగబడే మంచి రకం తెచ్చాడు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండ వేసి, అడవంతా బెల్లం ముక్కలు పంచాడు.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి పడవలోనూ రెండో లంగరు కూడా ఉండాలి. కాని రెండోదానికి పసుపూ లేదు, బొట్టూ లేదు. దాన్ని ఎవరూ పట్టించుకోరు. అందుకే సూరన్న మధ్యాహ్నం ఓ కునుకు తీసి, ఆవులించుకుంటూ దాన్ని కొనడానికి బయల్దేరాడు. తాయారు వెంట గెంతుకుంటూ వచ్చింది.

లంగర్లు అమ్మేది కూర్మయ్య అనే ముసలి తాబేలు. ఆయన మూడు లంగర్లు తెచ్చి ముందు పెట్టాడు.

మొదటిది నాగలి కర్రులా ఉంది. నల్లగా, బరువుగా ఉంది.

"నీ దగ్గరున్నది బురదకే పనికొస్తుంది, ఇసకలో జారిపోతుంది. ఇదైతే ఇసకలో దిగుతుంది. నా మాట విని ఇది తీసుకో అబ్బాయ్" అన్నాడు కూర్మయ్య.

"ఇది పెడితే మా తాయారు పడుకోడానికి చోటెక్కడుంటుంది తాతా?" అన్నాడు సూరన్న.

రెండోదానికి నాలుగు పెద్ద కొక్కేలు ఉన్నాయి. "ఇది రాళ్ల సందుల్లో పట్టుకుంటుంది" అన్నాడు కూర్మయ్య.

"పిల్లకి గీసుకుంటుంది" అన్నాడు సూరన్న.

మూడోది గొడుగులా ముడుచుకునేది. తళతళా మెరుస్తోంది. తాయారు దాన్ని ఒంటిచేత్తో ఎత్తేసింది.

"నాన్నా, ఇదైతే నేను కూడా వెయ్యగలను" అంది.

కూర్మయ్య ఆ లంగరు తీసుకుని, దుకాణం ముందున్న ఇసకలో వేసి లాగి చూపించాడు. ఇసక మీద గీత పడింది గాని, లంగరు దిగలేదు.

"పైన పటారం, లోన లొటారం. ఇది చెరువులో ఆడుకునేవాళ్లకిరా" అన్నాడు.

"రెండోదేగా తాతా. దాంతో ఎప్పుడు పనిపడుతుంది గనక" అన్నాడు సూరన్న.

"రెండోదాంతో పనిపడిందంటే ఆరోజు మొదటిది చేతులెత్తేసిందన్నమాట. అలాంటి రోజున దీన్నా నువ్వు నమ్ముకునేది?" అన్నాడు కూర్మయ్య.

ఇంత చెప్పినా సూరన్న చెవికెక్కలేదు. అంత పొడుగు చెవులుండి ఏం లాభం? మెరిసేదే కొని, పడవలో పిల్లకి అందేలా పెట్టాడు.

మొదటిసారి మడచెట్ల మధ్య కాలువలో ఆగారు. అడుగున బురద. పాత లంగరు దిగబడింది, పడవ కదల్లేదు. రెండోసారి ఇంకాస్త దూరం వెళ్లారు. అక్కడా బురదే.

"చూశావా, ముసలాయన ఊరికే భయపెట్టాడు" అన్నాడు సూరన్న. తాయారు తలూపింది. నాన్న ఏం చెబితే ఆ పిల్లకి అదే నిజం.

మూడోసారి ఏరు సముద్రంలో పడే చోటిదాకా వెళ్లారు. అక్కడొక ఇసకదిబ్బ ఉంది. సూరన్న దాని పక్కనే లంగరు వేశాడు. "నువ్వు పడవలోనే ఉండమ్మా, నీకు గవ్వలు ఏరుకొస్తాను" అని దిబ్బ మీదికి దిగాడు.

అప్పటిదాకా నీరు నిలకడగా ఉంది. కాసేపటికి సముద్రపు పోటు తగ్గి, నీరు వెనక్కి తియ్యడం మొదలైంది. నీరంతా సముద్రం వైపు లాగింది. అడుగున ఉన్నది ఇసక. లంగరు జారింది. సూరన్న తలెత్తి చూసేసరికి పడవ దూరంగా పోతోంది.

"తాయారూ, రెండోది వెయ్యమ్మా" అని అరిచాడు.

ఆ పిల్ల ఏడవలేదు, కంగారు పడలేదు. మెరిసే లంగరు తీసింది. దాని రెక్కలు విప్పింది. తాడు పడవకి కట్టి ఉందో లేదో చూసుకుని, నీళ్లలో వేసింది. అన్నీ సరిగ్గా చేసింది. లంగరు ఇసక మీద గీసుకుంటూ పోయింది. ఎక్కడా దిగలేదు.

"వేశాను నాన్నా, ఆగట్లేదు" అంది.

సూరన్న నీళ్లలో దూకాడు. మూడుసార్లు దూకాడు. మూడుసార్లూ సుడి అతన్ని తిప్పి దిబ్బ మీదికే తోసేసింది. పడవ అరచేతంత అయిపోయింది. అప్పుడు గాలిలో పిల్ల గొంతు వినిపించింది.

"నేను సరిగ్గా వెయ్యలేదా నాన్నా?"

సూరన్న గొంతు చించుకుని అరిచాడు. గాలి సముద్రం మీంచి ఎదురు వీస్తోంది. అతని మాట పిల్లదాకా పోలేదు.

కొంగలు చెబితే కూర్మయ్య పరుగున వచ్చి సముద్రంలో దిగాడు. పది రోజులు వెతికాడు. పడవ లేదు, పిల్ల లేదు. తిరిగొచ్చేసరికి సూరన్న ఆ దిబ్బ మీదే కూచుని ఉన్నాడు. 'నేను ముందే చెప్పాను' అనలేదు కూర్మయ్య. పక్కన కూచున్నాడు.

"తాతా, పిల్ల సరిగ్గానే వేసింది కదా" అన్నాడు సూరన్న.

"సరిగ్గానే వేసిందిరా. అది దిగే లంగరు కాదు."

"మరి ఆ మాట దానికి ఎవరు చెబుతారు తాతా? తప్పు తనదే అనుకుంటూ పోయింది."

 

నీతి: రెండో ఆధారంతో పనిపడేది అన్నిటికంటే చెడ్డ రోజున. దాన్ని ఎంచుకునేటప్పుడు ఆ రోజునే తలుచుకోవాలి.