అడుగూ రెండంగుళాల చోటు

పిల్లలూ, మీరు పెరుగుతున్న చోట ఇంట్లోకి రైలు కూత వినపడదు. గుంతకల్లులో దస్తగిరి సార్ అని ఒక పెద్దాయన ఉండేవాడనీ, ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన తిన్నగా జవాబు చెప్పేవాడు కాదనీ మీకెవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళం మేమే. సెలవుల్లో చెబుదాం, కాస్త పెద్దయ్యాక చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశాం. ఇప్పుడైనా విన్నది విన్నట్టు చెబుతాను. తెలియని చోట తెలియదనే అంటాను.

దస్తగిరి సార్ రైల్వే శిక్షణ బడిలో ముప్పై ఏళ్ళు మోడల్ రూము మాస్టరుగా పనిచేశాడు. అక్కడ పెద్ద బల్ల మీద చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్ళు, చిన్న స్టేషన్లు ఉండేవి. స్టేషను మాస్టర్లు కాబోయేవాళ్ళు అసలు రైళ్ళ జోలికి పోయే ముందు ఆ బొమ్మ రైళ్ళ మీద పని నేర్చుకునేవాళ్ళు. ఉద్యోగం అయిపోయాక ఆయన ఇంటి వసారాలోనే పట్టాలు పరుచుకున్నాడు. బొమ్మ ఇంజన్లు చేయడం, చెడిపోయినవి బాగుచేయడం నేర్చుకోవాలని వచ్చినవాళ్ళకు నేర్పేవాడు. వాళ్ళలో ఓబులేసు ఒకడు. నాలుగేళ్ళు ఆయన దగ్గర సోల్డరింగు పట్టి, మోటార్లు చుట్టి, ఆ తరువాత మస్కట్ వెళ్ళి క్రేను నడిపే పనిలో చేరాడు. రెండేళ్ళకొకసారి నలభై రోజులు లీవు మీద వచ్చేవాడు.

ఓబులేసుకు ఒక్కతే కూతురు, మధులత. ఆరేళ్ళప్పుడు తండ్రి చెయ్యి పట్టుకుని సార్ వసారాకు వచ్చి, అక్కడ తిరుగుతున్న బండిని చూసి, "నాన్నా, మనింట్లో కూడా ఇట్లాంటిది తిరగాల" అంది. ఓబులేసు తెస్తానని మాటిచ్చాడు. ఇప్పుడు ఆ పిల్లకు పదేళ్ళు. ఈ లీవుకు వచ్చే ముందు మస్కట్ నుంచి ఫోను చేస్తే, "స్నానం చేస్తా ఉంది" అని తల్లి ఈరమ్మే చెప్పేది. ఎప్పుడు చేసినా స్నానమే. పిల్ల తనతో మాట్లాడకుండా తప్పించుకుంటోందని ఓబులేసుకు అర్థమైంది. ఈ లీవూ అయిపోవస్తోంది, ఇంకో పదకొండు రోజుల్లో విమానం ఎక్కాలి. ఈలోగా ఆ బండి ఇంట్లో తిరగకపోతే, వచ్చే లీవు నాటికి తన కూతురు తనను చుట్టాన్ని చూసినట్టు చూస్తుందని అతనికి భయం పట్టుకుంది.

ఒకనాటి పొద్దున అతను ఒక పొడుగు నోటుబుక్కు చంకన పెట్టుకుని సార్ వసారాకు వచ్చాడు. అందులో ఆరు సెట్ల వివరాలు గీతలు గీసి రాసుకున్నాడు. అన్నీ ఓ గేజ్ సెట్లే. రెండు పట్టాల మధ్య ముప్పై రెండు మిల్లీమీటర్ల ఎడం ఉండే బండిని ఓ గేజ్ అంటారు. చిన్న పిల్లలు రెండు చేతులతో ఎత్తి పట్టుకోదగ్గ బరువుంటుంది, ఊరికే పట్టా తప్పదు. మొదటిసారి కొనేవాళ్ళకోసం ఇంజను, మూడు నాలుగు పెట్టెలు, ఒక చుట్టు పట్టాలు, కరెంటు తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కలిపి ఒకే డబ్బాలో అమ్ముతారు.

"సార్, రెండేళ్ళ నుంచి చూస్తా ఉన్నాను. చవకలో ఏది మంచిదో మీరే చెప్పాల. బెంగళూరులో అంగడి వాడు ఏదడిగినా తెప్పించి పెడతానన్నాడు. నేను పోయి తెచ్చుకోవడమే."

దస్తగిరి సార్ కళ్ళద్దాలు సర్దుకుని నోటుబుక్కు అందుకున్నాడు. పెన్సిలుతో మొదటిదాన్ని కొట్టేశాడు.

"ఎనిమిది పెట్టెలిచ్చి తేలికపాటి ఇంజను ఇచ్చినాడు. వీడు నీకు పెట్టెలు అమ్ముతాడప్పా, బండి అమ్మడు." రెండోదాన్నీ కొట్టేశాడు. "దీని పట్టా ముక్క ఒకటి వంగితే ఇంకో కంపెనీ ముక్క అతకదు. సెట్టంతా అటక మీదికే." నాలుగోదాని దగ్గర నవ్వాడు. "ఇది డబ్బా మీద బొమ్మ చూసి రాసుకున్నావు కదా?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "పొగ వస్తాదంట సార్."

"పొగ కావాలంటే మీ ఈరమ్మ పొయ్యి దగ్గర కూర్చో."

ఆరోది కూడా పోయింది. మూడోది, ఐదోది మిగిలాయి. పెట్టెలు మూడేసి, ఇంజన్లు గట్టివి, ధరలు ఇంచుమించు ఒకటే. ఓబులేసు మెడ చాచి చూస్తున్నాడు. సార్ పెన్సిలు కింద పెట్టాడు.

"బండి పంపే ముందు ఏం చెయ్యాలని చెప్పినాను నీకు?"

"అవతలి స్టేషన్ను లైను క్లియరా అని అడగాల సార్. చోటుంది, పంపమని వాళ్ళు చెప్తేనే పంపాల."

"అడిగినావా?"

ఓబులేసుకు అర్థం కాలేదు. సార్ సొరుగులోంచి నూలు దారం ఒకటి తీసి, స్కేలు పెట్టి కొలిచి కత్తిరించాడు.

"చవక సెట్లలో అన్నిటికంటే చిన్న చుట్టే అడ్డంగా మూడడుగులు. చుట్టూ చెయ్యి పట్టేంత ఖాళీ కలిపితే మూడున్నర. దాంట్లో సగం ఇది, అడుగూ తొమ్మిది అంగుళాలు. ఒక కొన నేలమీద వేలితో నొక్కిపట్టు, ఇంకో కొనకు సుద్దముక్క కట్టి తిప్పు. సున్న పూర్తయితే వచ్చి చెప్పు, ఏది కొనాలో చెప్తా. పూర్తి కాకుంటే, అయ్యేదాకా దారం కురచ చేసి, ఆ కాడ ముడేసుకుని రా."

ఇంత మాత్రానికి దారమెందుకని ఓబులేసు మనసులో నవ్వుకున్నాడు. ముందు గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. పునాది నుంచి స్లాబు దాకా తన డబ్బుతో కట్టిన ఇల్లు అది. కొలతలు నోటికొచ్చు.

ఇంటికి వచ్చి గది మధ్యలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దారం నొక్కిపట్టి సుద్ద తిప్పాడు. పావు చుట్టు తిరిగిందో లేదో, సుద్ద ఒక అట్టపెట్టెకు తగిలింది. జరిగి కూర్చున్నాడు. ఈసారి వెనకవైపు ఇంకో అట్టపెట్టె. కిటికీ కిందికి పోయాడు, అక్కడా అంతే. అప్పుడు తలెత్తి గదిని చూశాడు.

అట్టపెట్టెలు ఏడున్నాయి. గోధుమరంగువి, నీలం టేపు చుట్టి, నైలాను తాడుతో బిగించినవి. ప్రతిదాని మీదా లావుపాటి మార్కరుతో తన చేతిరాతే, "ఓపెన్ చేయొద్దు". ఒకదాని మీద గుడ్డ పరిచి టీవీ పెట్టారు. రెండు కలిపి పరుపు వేసి దీవాను చేశారు. ఒకదాని మీద మధులత పుస్తకాలు, కంపాసు పెట్టె ఉన్నాయి. వచ్చి ఇరవై తొమ్మిది రోజులైనా అతను ఆ దీవాను మీదే కూర్చుని కాఫీ తాగాడు గాని, దేని మీద కూర్చున్నాడో చూడలేదు.

"ఈరమ్మా, ఇవన్నీ ఏమిటికి విప్పలేదు?"

వంటింట్లోంచి ఈరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వే చెప్తివి కదయ్యా విప్పొద్దని."

"నేనా?"

"ఇంకెవరు? మొదటిసారి పంపిన ఆడే బొమ్మను పాప ఒక్కరోజులో విరగ్గొట్టిందని ఫోన్లో ఎంత అరిస్తివి! డబ్బాలో పెట్టి వెనక్కి పంపితే గ్యారంటీ ఉండేదంట, మేం డబ్బా చింపేస్తిమంట. ఇంకమీద ఏది పంపినా నేనొచ్చి విప్పుతా, నేనే చూపిస్తా, సీలు ముట్టుకోవద్దని పాపతో ఒట్టేయిస్తివి. వస్తివి. ఒక లీవంతా స్లాబు పని. ఇంకో లీవంతా మీ తమ్ముని పెండ్లి. ఈసారి బ్యాంకు, ఆధారు, మీ అమ్మ కంటి ఆపరేషను." ఆమె నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "మనింటిని పార్సిలాఫీసు అంటారు వీధిలో. కసువు ఊడ్చాలన్నా నీ పెట్టెలను బతిమాలుకోవాల."

 ఓబులేసు వంటింట్లోంచి కత్తి తెచ్చుకుని పెట్టెల ముందు కూర్చున్నాడు. ఏ పెట్టెలో ఏముందో ఒక్కటీ గుర్తు రావడం లేదు. కొన్నప్పుడు ఒక్కోదానికీ నాలుగు అంగళ్ళు తిరిగాడు, పది ధరలు చూశాడు. అది మాత్రం గుర్తుంది.

నీలం టేపు మీద కత్తి పెట్టేసరికి మధులత బడినుంచి వచ్చింది. గడపలోనే ఆగి, సంచి దించకుండానే అంది.

"విప్పొద్దు నాన్నా. గ్యారంటీ పోతాది."

ఎగతాళిగా అన్నా బాగుండేది. నాలుగేళ్ళు కాపలా కాసిన మనిషి కాపలా మాటే అన్నట్టు అంది. ఓబులేసు టేపు కోశాడు. అందులో బూట్లున్నాయి. అడుగేస్తే మడమల్లో ఎర్రదీపాలు వెలిగే రకం. ఆరేళ్ళ పిల్ల పాదం కొలత.

"వేసుకో పాపా."

ఆ పిల్ల కాదనలేదు. సంచి దించి, తండ్రి భుజం మీద చెయ్యి ఆనించి, పాదం దూర్చింది. వేళ్ళు వెళ్ళాయి. మడమ బయటే ఉండిపోయింది. అయినా నేలకు తాకించి చూసింది. దీపం ఒకసారి గుడ్డిగా వెలిగి ఆరిపోయింది.

"బాగుండాయి నాన్నా," అంది. బూటు తీసి, మళ్ళీ డబ్బాలో ఎట్లా ఉన్నదో అట్లా సర్ది, మూత మూసి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

మిగిలిన ఆరు పెట్టెలు విప్పే ధైర్యం ఓబులేసుకు లేకపోయింది. దారాన్ని మళ్ళీ నేలమీద పెట్టి, కురచ చేసుకుంటూ, సుద్ద దేనికీ తగలకుండా ఒక చుట్టు తిరిగేదాకా తిప్పాడు. అక్కడ ముడి వేశాడు.

సాయంత్రం దస్తగిరి సార్ ఆ దారాన్ని తీసుకుని స్కేలు మీద పరిచాడు. ముడి అడుగూ రెండంగుళాల దగ్గర ఉంది.

"గది ఎంత?"

"పది, పన్నెండు సార్."

"అంత గదిలో ఇంతేనా? మిగిలిన చోట ఎవరుండారప్పా?"

ఓబులేసు వసారా పట్టాల వంక చూశాడు. అక్కడ ఎవరిదో పాత ఇంజను చక్రాలు విప్పి ఉంది.

"నేనే ఉండాను సార్, విప్పని పెట్టెల్లో," అన్నాడు.

సార్ ఓదార్చలేదు. చక్రం ఒకటి తీసుకుని ఆకురాయితో నెమ్మదిగా అంచు రుద్దసాగాడు. ఓబులేసు కూర్చుని చూశాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. ఎంత దెబ్బ తగిలినా పాత అలవాటు ఎక్కడికి పోతుంది? నోటుబుక్కు తెరిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయితే సార్, ఏది కొనమంటారు? మూడోదా, ఐదోదా?"

దస్తగిరి సార్ చక్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"చోటు చేసి మూడోది కొను. డబ్బా మాత్రం అంగట్లోనే వదిలేసి రా."

ఆ తరువాత అతను బెంగళూరు వెళ్ళాడో లేదో, ఆ గదిలో బండి తిరిగిందో లేదో మాకు చెప్పినవాళ్ళు లేరు. నేను కల్పించను. మీరు చెప్పేటప్పుడు కూడా ఇక్కడే ఆపండి. కానీ చెప్పండి, పిల్లలూ. మీ తరువాతివాళ్ళకు, మీ స్నేహితులకు, ఎవరికైనా సరే. తీరిక చిక్కినప్పుడు చెబుదామని మాత్రం దాచిపెట్టకండి.