తువ్వాళ్ళు కూర్చున్న బస్సు

వినుకొండ దగ్గర ఒక పల్లెలో కోటిలింగం, దానయ్య అని ఇద్దరన్నదమ్ములు. తెలివంటే చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమేనని వాళ్ళ నమ్మకం. "మనకున్న బుర్ర ఈ చుట్టుపక్కల ఎవడికుందిరా" అని అన్న అంటే, తమ్ముడు మొహమాటపడి తలొంచుకునేవాడు.

హైదరాబాదులో వాళ్ళ చెల్లెలు నాగరత్నం కూతురికి ఆ సాయంత్రం బారసాల. మేనమామలు తెచ్చిన ఊయలలోనే పిల్లను వేస్తానని చెల్లెలు పట్టుబట్టింది. "మీ అన్నలు తెచ్చినట్టే ఉంది" అని అత్తగారు ఎత్తిపొడిచిందట. అది విన్నప్పట్నించీ దానయ్యకు అన్నం సయించలేదు.

చెక్క ఊయల మోసుకుని పొద్దున్నే బస్టాండుకు పోయారు. "కిటికీలోంచి సీట్లో తువ్వాలు వెయ్యండిరా, ఇంక దాన్నెవరూ లేపరు" అని తల్లి చెప్పి పంపింది. వేశారు. ఎక్కి చూస్తే రెండు సీట్లలోనూ రెండు తువ్వాళ్ళు హాయిగా ఉన్నాయి. ఇంకేముంది, వీళ్ళు పక్కన నిలబడ్డారు.

"కూర్చోండయ్యా" అన్నాడు కండక్టరు.

"ముందొచ్చినవి అయ్యి గదండీ. లేపితే ఏం మర్యాద?" అన్నాడు కోటిలింగం.

కండక్టరుకు ఒళ్ళు మండింది. "ఆ ఊయల నెత్తిన పెట్టుకుంటారో ఏం చేస్తారో, దారికడ్డం మాత్రం పెట్టొద్దు" అన్నాడు. అంతే, దానయ్య దాన్ని నెత్తికెత్తుకున్నాడు. అసలే డొక్కు బస్సు. గుంట వచ్చినప్పుడల్లా ఊయల పోయి టాపుకు కొట్టుకుని, తిరిగొచ్చి అతని నడినెత్తిన పడేది. కాళ్ళ మధ్య ఎవరిదో ఎండుచేపల సంచీ. కిటికీ అద్దం మూసుకోదు. జల్లు కొట్టి తువ్వాళ్ళు తడుస్తుంటే, పాపం కోటిలింగం వాటికి గొడుగు పట్టాడు.

హైదరాబాదులోకి రాగానే బస్సు నత్తనడక పట్టింది. "ఎప్పటికి చేరతామండీ?" అన్నాడు దానయ్య దిగులుగా.

"నడిచేవాళ్ళే ముందు చేరతారు" అని కండక్టరు విసుక్కున్నాడు. అంతే, ఇద్దరూ బస్సులోనే వెనకనుంచి ముందుకీ, ముందునుంచి వెనక్కీ నడవడం మొదలుపెట్టారు. టికెట్టు కొన్న బస్సు దిగి నడిచేంత వెర్రివాళ్ళు కాదు గదా.

ఇంతలో బావ శేషగిరి ఫోను చేశాడు. "బస్సు ఆగగానే మీరిద్దరూ దిగి నిలబడండి, నేనొస్తా." బస్సు ఎర్రలైటు దగ్గర ఆగింది. ఇంకేముంది, ఊయలను డ్రైవరు వెనక పెట్టేసి ఇద్దరూ దిగారు.

బావ వెతుక్కుంటూ వచ్చి, "ఊయలేదీ?" అన్నాడు.

"ఇద్దర్నే దిగమన్నావు గదా బావా."

శేషగిరి నెత్తి కొట్టుకుని, బస్సు వెంట పరుగెత్తి ఊయల దింపుకొచ్చాడు. ఆ ట్రాఫిక్‌లో అది ఇల్లు చేరేలోగా ముహూర్తం దాటేట్టుంది. ఫోనులో సంగతి విన్న నాగరత్నం ఆగలేకపోయింది. పిల్లనెత్తుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని, ఊయల పట్టని ఇరుకు సందులో పడి నడిచి వచ్చేసింది. ఫుట్‌పాత్ మీదే ఊయల పెట్టారు. దానయ్య పిల్లను అందులో వేశాడు. అత్తగారే వంగి ఊయల ఊపింది. దానయ్యకు సంతోషంతో కళ్ళనీళ్ళు వచ్చాయి.

సరిగ్గా అప్పుడే మళ్ళీ ఎర్రలైటు పడింది. కార్లు, ఆటోలు, బస్సులు అన్నీ ఆగిపోయాయి.

"చూడరా, మన పిల్ల బారసాలకి ఊరంతా బళ్ళాపుకుని నిలబడింది" అన్నాడు కోటిలింగం గర్వంగా. వెంటనే కారు కారుకీ వెళ్ళి, పప్పులోకి నెయ్యి కావాలా అని అడగడం మొదలుపెట్టాడు.

పచ్చలైటు పడింది. బళ్ళు కదలబోయాయి. దానయ్య ఊయల దగ్గర్నుంచి లేచాడు. పరుగున పోయి ముందున్న బస్సుకు అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఎంగిలి పడకుండా ఒక్కళ్ళని గూడా కదలనీను" అన్నాడు చేతులు జోడించి. "మీరిట్టా పోతే, మా చెల్లెలు అత్తగారి ముందు తలెట్టా ఎత్తుకుంటదండీ?"